అత్తరు బుడ్డీలకు, సెంటు సీసాలకు పెట్టె, షోకేసు చేయించుకోవడం ఎలా

చాలా ఇళ్ళలో బీరువా లోపలి అరలో ఒక అత్తరు బుడ్డి మూలపడి ఉంటుంది. నానమ్మదో, తాతయ్య హైదరాబాద్ వెళ్ళినప్పుడు కొన్నదో. దాని పక్కనే గల్ఫ్ నుంచి బావగారు తెచ్చిన ఊద్ సీసా, పెళ్ళిళ్ళలో వాడి దాచిన వెండి పన్నీరు బుడ్డి, చార్మినార్ దగ్గర తులం లెక్కన కొన్న మజ్మువా, ఖస్, గులాబీ అత్తర్లు. వీటిని పదిమందికీ కనిపించేలా పెట్టుకోవాలని ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తుంది. లేదా ఇల్లు మారాల్సి వస్తుంది, అమ్మాయితో పాటు అమెరికా పంపాల్సి వస్తుంది. అక్కడ మొదలవుతుంది టెన్షన్.

అలాంటప్పుడు గిఫ్ట్ షాపులో దొరికే వెల్వెట్ పెట్టె కొనేసి అందులో సర్దేయకండి. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ లోపల సీసా అటూ ఇటూ కదులుతుంది. సీసాలు కిందపడి పగిలేది తక్కువ. పక్క సీసాకు కొట్టుకుని పెచ్చులూడటం, బిరడా ఊడి అత్తరు కారిపోవడమే ఎక్కువ. పైగా ప్రయాణానికీ ప్రదర్శనకూ ఒకే పెట్టె సరిపోదు. ప్రయాణంలో సీసా కదలకుండా, కనిపించకుండా ఉంటేనే మంచిది. షోకేసులో కనిపించాలి, కానీ లోపలి అత్తరుకు వెలుతురు పడదు. కాబట్టి రెండు వేర్వేరు పనులుగా చూడండి.

ముందు నిండు సీసాలు, ఖాళీ సీసాలు వేరు చేయండి

అత్తరుకూ సెంటుకూ వెలుతురు, వేడి, గాలి మూడూ పడవు. నిమ్మ, నారింజ జాతి వాసనలు అన్నిటికన్నా ముందు పోతాయి. చందనం, ఊద్ లాంటివి ఏళ్ళ తరబడి తట్టుకుంటాయి, కొన్ని ఇంకా బాగుపడతాయి కూడా. ఎంత గట్టి అత్తరైనా రోజూ లైటు కింద పెట్టి ఉంచితే రంగు మారుతుంది.

నా సలహా సూటిగా చెబుతాను: గాజును చూపించండి, అత్తరును దాచండి. పాత కట్‌గ్లాస్ బుడ్డీలో ఉన్న అత్తరును మందుల సీసాల్లాంటి ముదురు గోధుమరంగు గాజు సీసాలోకి మార్చి, గట్టి మరమూత బిగించి, బీరువాలో పెట్టేయండి. సీసా మెడ దాకా నింపితే లోపల గాలి తక్కువగా ఉంటుంది. సగం సీసాలో పోసి సగం ఖాళీగా వదిలేస్తే మార్చిన ప్రయోజనం సగం పోయినట్టే. వంచడానికి గాజు డ్రాపర్ వాడండి. ప్లాస్టిక్ సీసాలో మాత్రం పోయకండి. అత్తర్ల తయారీకి పేరుపడ్డ ఉత్తరప్రదేశ్ ఊరు కన్నౌజ్‌లో అత్తరులో మిగిలిన నీటి తడి పోవడానికి తోలు కుప్పెల్లో ఉంచేవారు. తోలుకు ఆ గుణం ఉంది కాబట్టి చెల్లింది. మన వంటింట్లో మిగిలిన ప్లాస్టిక్ డబ్బాకు అది చెల్లదు.

సీలు తీయని కంపెనీ సెంట్ల సంగతి వేరు. వాటిని మార్చొద్దు, అట్టపెట్టె పారేయొద్దు. ఆ పెట్టే వాటికి చీకటి గది. గెర్లాన్ కంపెనీ షాలిమార్ లాంటి పాత సీసాలు (ఆ సీసా రూపం 1925 నాటిది) సేకరించేవాళ్ళు సీసాతో పాటు అసలు పెట్టె, లేబులు, బిరడా అన్నీ ఉన్నాయా అని చూస్తారు. ఒకటి తగ్గితే ధర తగ్గుతుంది.

బిరడాల దగ్గర కాస్త ఆగండి. పాత సీసాల గాజు బిరడాను ఆ సీసా మెడలోనే పెట్టి అరగదీసి సరిపుచ్చేవారు. మంచి కంపెనీల సీసాల్లో అడుగున ఒక చిన్న అంకె, బిరడా కాడ మీద అదే అంకె గీసి ఉంటుంది. భూతద్దంతో చూస్తే కనిపిస్తుంది. రెండు బుడ్డీలు ఒకేలా ఉన్నా బిరడాలు మారితే ఒకటి వదులవుతుంది, ఇంకొకటి ఇరుక్కుంటుంది. అందుకే బిరడాలన్నీ ఒకేసారి తీసి పళ్ళెంలో వేయకుండా ఒక్కొక్క సీసా పని పూర్తి చేసుకుంటూ వెళ్ళండి.

బిరడా ఇరుక్కుపోతే పటకారు తీయకండి. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డను మెడకు మాత్రమే చుట్టి, కాసేపు ఆగి, మెల్లగా అటూ ఇటూ తిప్పండి. మెడ వేడికి కొంచెం వ్యాకోచిస్తుంది, బిరడా ఇంకా చల్లగానే ఉంటుంది, ఆ సందులో ఊడుతుంది. సలసల మరిగే నీళ్ళు మాత్రం వద్దు, గాజు చిట్లుతుంది.

ఇదంతా అయ్యాక ప్రతి సీసాకూ నాలుగు వైపులా, అడుగున ఫొటోలు తీయండి. ఇదివరకే ఉన్న పెచ్చు ఏదో, దారిలో ఊడిన పెచ్చు ఏదో తర్వాత తేల్చడానికి పనికొస్తాయి. సీసా మీద స్టిక్కర్ నంబర్లు అంటించకండి. బంగారు పూత ఉన్న చోట స్టిక్కర్‌తో పాటు పూతా వస్తుంది.

మోసే పెట్టె

పై పెట్టె గట్టిగా ఉంటే చాలు, అందంగా ఉండక్కర్లేదు. చిన్న అల్యూమినియం టూల్‌బాక్స్ గానీ, కెమెరాలకు వాడే గట్టి ప్లాస్టిక్ కేసు గానీ సరిపోతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు ఇలాంటివి బోలెడు దొరుకుతాయి. కెమెరా కేసుల్లో ముక్కలుగా పీకేసుకునే నల్లటి స్పాంజి వస్తుంది. ఒకటి రెండు ప్రయాణాలకు ఫరవాలేదు గానీ అందులోనే సీసాలను ఏళ్ళ తరబడి ఉంచొద్దు. సోఫా స్పాంజి జాతిదే అది. కొన్నాళ్ళకు పొడిపొడిగా రాలుతుంది, జిగురై గాజుకు అంటుకుంటుంది.

మీకు కావలసింది టీవీలు, ఫ్రిజ్‌లు ప్యాక్ చేసేటప్పుడు వాడే తెల్లటి ఈపీఈ ఫోమ్. ప్యాకింగ్ సామాన్ల షాపులో షీట్ల లెక్కన అమ్ముతారు. థర్మోకోల్ అసలే వద్దు. ఎందుకో చూడాలంటే ఒక థర్మోకోల్ ముక్క మీద నారింజ తొక్కను గట్టిగా పిండండి. తొక్కలోంచి చిమ్మిన నూనె పడ్డ చోట గుంటలు పడతాయి. ఆ నూనె జాతివి చాలా సెంట్లలో ఉంటాయి. ఒక్క చుక్క కారినా థర్మోకోల్ కరిగి సీసాకు పట్టుకుంటుంది.

కొలతలు ఇలా వేసుకోండి. తులం బుడ్డీలు ఆరు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి అడుగున 3 సెం.మీ. వెడల్పు, బిరడాతో కలిపి 8 సెం.మీ. ఎత్తు. సీసాకూ సీసాకూ మధ్య 2 సెం.మీ. ఫోమ్, చుట్టూ అంచుల్లో 2.5 సెం.మీ. వదలాలి. మూడేసి చొప్పున రెండు వరసలు పెడితే పెట్టె లోపలి పొడవు 18 సెం.మీ., వెడల్పు 13 సెం.మీ. అవుతుంది. అడుగున 2.5, మూత కింద 2.5 కలిపితే ఎత్తు కూడా 13. ఇది లోపలి కొలత అని షాపులో గుర్తుపెట్టుకోండి. పెట్టె మీద రాసి ఉండేది చాలావరకు బయటి కొలతే.

మందపాటి ఫోమ్ దిమ్మలో లోతైన గుంట తవ్వాలని చూస్తే వంకర పోతుంది. ఒక సెంటీమీటరు మందం షీట్లు తీసుకుని, ఒక్కొక్కదానికి విడిగా రంధ్రాలు కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చండి. సీసా అడుగును కాగితం మీద గీసి, ఆ గీతకు చుట్టూ ఒక మిల్లీమీటరు లోపలికి కోయండి. అప్పుడు సీసా బిగుతుగా కూర్చుంటుంది. పొట్ట ఉన్న సీసాలైతే ఏ పొర దగ్గర ఎంత వెడల్పో చూసుకుంటూ పొరపొరకూ రంధ్రం మార్చాలి. స్టేషనరీ షాపులో దొరికే పొడవాటి కటర్ బ్లేడు కొత్తది వేసుకుని, నొక్కకుండా రెండు మూడు గాట్లలో కోయండి. ఫెవికాల్ ఈపీఈకి పట్టదు. పొరలు జరుగుతున్నాయనిపిస్తే హాట్ గ్లూ గన్‌తో అంచుల్లో చుక్కలు పెట్టండి. పెట్టె బిగుతుగా ఉంటే అదీ అక్కర్లేదు.

రెండు చిన్న పనులు చాలామంది మర్చిపోతారు. మొదటిది, పై పొరల్లో ప్రతి గుంటకూ రెండు పక్కల వేళ్ళు పట్టేంత అర్ధచంద్రాకారపు గాడి. అది లేకపోతే సీసాను బిరడా పట్టుకుని లాగుతారు, ఎంత జాగ్రత్తపరులైనా సరే. రెండోది, మూత కింది ఫోమ్‌లో బిరడాకు ఎదురుగా ఒక గుంట. మూత వేసినప్పుడు ఫోమ్ బిరడాను నొక్కకూడదు, సీసా భుజాల మీద ఆనాలి. బరువు బిరడా మీద పడితే గతుకుల రోడ్డు మీద అది మెడను లోపలి నుంచి కొడుతూనే ఉంటుంది.

గాజుకూ ఫోమ్‌కూ మధ్య గంజి పెట్టని, ఉతికిన పాత మల్లు గుడ్డ వేయండి. బంగారు గీతలు, మీనా పని ఉన్న సీసాలకు ఇది తప్పనిసరి. న్యూస్ పేపర్ సిరా అంటుతుంది. బబుల్ రాప్ బుడగల గుర్తులు పూత మీద పడతాయి. వెండి బుడ్డీ దగ్గరకు రబ్బరు బ్యాండ్ రానివ్వకండి, రబ్బరులోని గంధకం వల్ల బ్యాండ్ ఉన్నంత మేరా నల్లగా చార పడుతుంది. కలరా ఉండలు కూడా వద్దు, ఆ వాసన అత్తరు బుడ్డీని అంత తేలిగ్గా వదలదు.

బిరడా బిగించడం, ప్రయాణం

నిండు సీసా తీసుకెళ్ళక తప్పదంటే ముందు మెడనూ బిరడా కాడనూ పొడి గుడ్డతో తుడవండి. నూనె జిడ్డు ఉంటే బిరడా ఎంత నొక్కినా జారి పైకి వస్తుంది. కూర్చోబెట్టి కొంచెం తిప్పండి, బలం పెట్టి బిగించొద్దు. బిరడా, మెడ కలిసే చోట ప్లంబర్ వాడే టెఫ్లాన్ టేపును సాగదీస్తూ మూడు నాలుగు చుట్లు చుట్టండి. టెఫ్లాన్‌ను అత్తరు ఏమీ చేయదు, తీసేశాక జిగురు మిగలదు. దాని మీద నూలు దారం: ముందు మెడకు ఒక ముడి, అక్కడి నుంచి బిరడా మీదుగా అవతలికి, మళ్ళీ అడ్డంగా ఇంకోసారి. స్ప్రే సీసాలకు ఈ శ్రమ అక్కర్లేదు, పంపు నొక్కుకోకుండా క్యాప్ గట్టిగా ఉంటే చాలు.

తర్వాత పరీక్ష. అదే సైజు చవక సీసాల్లో రంగు నీళ్ళు పోసి పెట్టెలో పెట్టండి. పెట్టెను ఊపితే చప్పుడు రాకూడదు. రాత్రంతా పక్కకు పడుకోబెట్టి పొద్దున తెరిస్తే గుడ్డ మీద మరక ఉండకూడదు. అప్పుడే అసలు సీసాలు పెట్టండి.

బస్సులో అయితే ఒళ్ళోనో కాళ్ళ దగ్గరో, డిక్కీలో కాదు. రైల్లో బెర్తు కింద నిలువుగా. కారులో వెళ్తూ దారిలో భోజనానికి ఆగితే పెట్టెను మీతో పాటు దించండి. మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటిపోగలదు. ఆ వేడికి అత్తరు వ్యాకోచించి బిరడాను పైకి తోస్తుంది.

విమానానికి లెక్కలు వేరు. అంతర్జాతీయ ప్రయాణాల్లో చేతి సంచిలో ద్రవాల సీసా ఒక్కొక్కటి 100 ఎం.ఎల్. మించకూడదు, అన్నీ కలిపి ఒక లీటరు పారదర్శక సంచిలో పట్టాలి. ఇక్కడ చూసేది సీసా సైజును, లోపల ఎంత ఉందన్నది కాదు. 200 ఎం.ఎల్. సీసాలో అడుగున నాలుగు చుక్కలున్నా ఆపేస్తారు. కొన్ని విమానాశ్రయాలు కొత్త స్కానర్లతో ఈ నిబంధన సడలించాయి గానీ, మీరు దిగి మారే విమానాశ్రయంలో పాత పద్ధతే ఉండొచ్చు, 100 లెక్కకే సర్దుకోండి. చెక్-ఇన్ లగేజీలో సెంట్లు, డియోడరెంట్లు లాంటివన్నీ కలిపి మనిషికి 2 లీటర్లు లేదా 2 కిలోల లోపు, ఒక్కొక్క సీసా అర లీటరు లేదా అర కిలో లోపు ఉండాలి. ఆల్కహాల్ ఉన్న సెంటుకు మంట అంటుకుంటుంది కాబట్టి పోస్టులో, కొరియర్‌లో మామూలు పార్శిల్‌లా పంపడం కుదరదు.

ఆకాశంలో క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నేల మీద కన్నా తక్కువ. సీసాలో ఉన్న గాలి వ్యాకోచించి బయటికి తోసుకొస్తుంది. సీసా నిలువుగా ఉంటే గాలి ఒక్కటే పోతుంది, పడుకుని ఉంటే అత్తరు వస్తుంది. సూట్‌కేసు ఎటు పడేస్తారో మన చేతిలో ఉండదు కాబట్టి గాజు బిరడా సీసాలు చేతి సంచిలోనే. సెక్యూరిటీ వాళ్ళు తెరవమంటారు. పెట్టె ఒకే అంతస్తులో ఉండి, మూత ఎత్తగానే అన్నీ కనిపిస్తే పారదర్శక సంచిలో చూపాల్సిన నిండు సీసాలు తప్ప వాళ్ళు ఏదీ బయటికి తీయాల్సిన పని ఉండదు. రెండు అంతస్తుల పెట్టె అక్కడే తల్లకిందులవుతుంది.

షోకేసు

ఎక్కడ పెట్టాలన్నది ముందు తేల్చుకోండి. పడమటి ఎండ కొట్టే బయటి గోడ, వంటింటి గోడ, వాషింగ్ మెషిన్ ఆనుకున్న గోడ, గాలికి దభీమని పడే తలుపు వెనక గోడ, ఇవి నాలుగూ వద్దు. ఏసీ గాలి నేరుగా తగిలే చోటూ వద్దు. ఎండ విషయంలో ఖాళీ సీసాలకు కూడా మినహాయింపు లేదు. మాంగనీసు కలిపి చేసిన పాత తెల్ల గాజు ఎండలో ఏళ్ళ తరబడి ఉంటే ఊదారంగుకు తిరుగుతుంది. గుండ్రటి బిరడా భూతద్దంలా పనిచేసి వెనక గుడ్డను కాల్చిన సందర్భాలూ ఉన్నాయి.

లోతు ఎక్కువ అడగకండి. కార్పెంటర్‌కు వదిలేస్తే పుస్తకాల అల్మరాలా 12 అంగుళాలు పెట్టేస్తాడు. వెనక వరస కనిపించదు, దాన్ని తీయబోతే ముందు వరస పడుతుంది. అత్తరు బుడ్డీలకు 6 అంగుళాలు, పెద్ద సెంటు సీసాలకు 8 చాలు. అరలకు 8 మి.మీ. టఫెన్డ్ గ్లాస్ వేయించండి, ఒక్కో అర పొడవు రెండడుగులు దాటనివ్వకండి. వెనక అద్దం పెడితే కట్‌గ్లాస్ రెండు వైపులా కనిపిస్తుంది. రంగు గాజుకు మాత్రం అద్దం కన్నా తెల్లటి వెనకభాగం నప్పుతుంది, ఆకుపచ్చ, నీలం రంగులు అప్పుడే వెలుగుతాయి. ఎలా ఉంటుందో ముందే చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో గాజు వస్తువుల విభాగానికి ఒక పూట వెళ్ళి, సీసాల కన్నా అరలను, లైట్లను, సీసాల మధ్య వదిలిన ఖాళీని గమనించండి. అమ్మకపు షాపులో లాగా కిక్కిరిసి ఉండవు.

చెక్క విషయంలో ఒక మాట. ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన పలక), చవక ప్లైవుడ్, కొత్త జిగురు కొన్నాళ్ళ పాటు ఆవిర్లు వదులుతాయి. టేకు కూడా కొంచెం ఆమ్లపు ఆవిరి వదిలే చెక్కే. మూసిన షోకేసులో అవి గాజు మీద పొరలా కూర్చుంటాయి, వెండి రంగు మారుస్తాయి. ఫార్మాల్డిహైడ్ (జిగురులోంచి వచ్చే ఘాటు ఆవిరి) తక్కువగా ఉండే ఈ0 లేదా ఈ1 గ్రేడ్ ప్లైవుడ్ అడగండి, అంచులన్నీ లామినేట్‌తో మూయించండి, పని అయ్యాక తలుపులు తెరిచి రెండు మూడు వారాలైనా ఖాళీగా వదిలేయండి. ముక్కుకు వాసన తగులుతున్నంత కాలం సీసాలు పెట్టకండి. గృహప్రవేశం ముంచుకొస్తోందని తొందరపడితే, ఆ రోజుకు రెండు మూడు సీసాలు పెట్టి మళ్ళీ తీసేయండి.

లైటుకు ఎల్‌ఈడీ స్ట్రిప్ చాలు, పసుపుఛాయ తెలుపు, 3000 కెల్విన్. దానికి కరెంటు అందించే చిన్న పెట్టె, అంటే డ్రైవర్, వేడెక్కుతుంది కాబట్టి షోకేసు బయట, పైన పెట్టించండి. పాత హాలోజన్ లైట్లు ఉంటే పీకించేయండి. స్విచ్ విడిగా ఉండాలి, చుట్టాలు వచ్చినప్పుడు వేసుకోవచ్చు.

తలుపు నొక్కితే తెరుచుకునే పుష్ క్యాచ్ రకం ఇప్పుడు ఫ్యాషన్. సీసాల షోకేసుకు అది పనికిరాదు, నొక్కిన ప్రతిసారీ అరలన్నీ అదురుతాయి. స్లైడింగ్ గాజు తలుపులైతే మధ్య సందులోంచి దుమ్ము. నా ఓటు మెల్లగా మూసుకునే సాఫ్ట్ క్లోజ్ హింజ్‌ల తలుపుకు, అంచుల్లో దుమ్మును ఆపే బ్రష్ స్ట్రిప్‌తో. పిల్లలున్న ఇంట్లో తాళం. షోకేసును గోడకు యాంకర్ బోల్టులతో బిగించాల్సిందే, కింద నిలబెట్టేదైనా సరే.

సీసాలు అర మీద జరగకుండా మ్యూజియం వ్యాక్స్ అనే అంటుకునే మైనం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఆవగింజంత ఉండలు మూడు అడుగున పెట్టి కొంచెం తిప్పుతూ నొక్కితే నిలబడుతుంది. తీసేటప్పుడు పైకి లాగకుండా మెల్లగా తిప్పి తీయాలి. డబుల్ టేపు దీనికి బదులు కాదు.

విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో తేమ అసలు శత్రువు. లేబుళ్ళు ఉబ్బుతాయి, వెండి నల్లబడుతుంది. ప్రతి అర మూలలో ఒక సిలికా జెల్ పొట్లం పెట్టండి. నారింజ రంగుది ఆకుపచ్చకు తిరిగితే, నీలం రంగుది గులాబీకి తిరిగితే తడి పట్టేసినట్టు, మార్చాలి. తెలంగాణ వైపు ఎండాకాలంలో దీని అవసరం తక్కువ, వానాకాలంలో చూసుకుంటే చాలు. కొన్ని పాత సీసాల లోపల తెల్లటి మసక కనిపిస్తుంది. అది మురికి అనుకుని ఇసుక, బియ్యం వేసి గలగలలాడించి కడుగుతారు. గాజే చెడిన మసక అయితే అది పోదు, కొత్త గీతలు పడతాయి.

దుమ్ము దులపడానికి మెత్తటి పెయింటింగ్ బ్రష్ మంచిది. ఈకల కుంచె కట్‌గ్లాస్ అంచులకు చిక్కుకుని సీసాను లాగేస్తుంది. గాజు తలుపును స్పిరిట్‌తో తుడవొచ్చు, యాక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) తలుపైతే మాత్రం స్పిరిట్, సెంటు, గ్లాస్ క్లీనర్ ఏదీ తగలనీయకండి. సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్ళు వచ్చేస్తాయి. ఒక చుక్క సబ్బు వేసిన నీళ్ళతో తడి గుడ్డ, తర్వాత పొడి గుడ్డ, అంతే.